కాగితంలో లేని మాట

“తలుపు తియ్యవే చిన్నీ. నీకు పుణ్యముంటుంది, తియ్యి.”

“నువ్వు మాట్లాడకక్కా. నీ గొంతు చెవిన పడితే నాకు నిన్నటి టీవీయే గుర్తొస్తోంది.”

శనివారం సాయంత్రం సీరియల్ అయిపోగానే గడియ పడ్డ గది, ఆదివారం బారెడు పొద్దెక్కినా తెరుచుకోలేదు. గది బయట నేల మీద అక్క చతికిలబడి ఉంది. హాల్లో అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుందన్న మాటేగానీ మిషను తొక్కడం లేదు. బడిపిల్లల యూనిఫారం చొక్కాలు కాలర్లు లేకుండా ఆవిడ ఒళ్ళో కుప్పగా పడి ఉన్నాయి. టీవీ మీద దుప్పటి కప్పి ఉంది. కప్పింది అమ్మే. దుప్పటి కప్పితే నిన్న అందులోంచి వచ్చిన మాట వెనక్కి పోతుందా? పోదని ఆవిడకీ తెలుసు. చేతులు ఊరుకోక కప్పింది.

“నాకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్తారా, లేదా?” అంది అమ్మ. “టీవీవాళ్ళు కాలేజీ కేసులు పట్టుకుని కథలల్లడం కొత్తా? వారం వారం ఎవరి కొంపో ఒకటి తెచ్చి మన ముందు తగలబెడుతూనే ఉన్నారుగా. మన గొడవ పేపర్లో పడింది. వాళ్ళు ఏరుకున్నారు. ల్యాబు తీసేసి లైబ్రరీ పెట్టారు. సిగ్గులేని జాతి, నాలుగు తిట్టుకుని ఊరుకుంటాం. దానికి అక్క మీద పడి ఏడుస్తావేం? అది డబ్బింగు చెప్పుకుని బతికే మనిషి. తెర మీద ఎవత్తె ఏడ్చినా దాని గొంతే ఏడవాలి. అది దాని ఉద్యోగం.”

గడియ చప్పుడైంది.

చిన్నది బయటికొచ్చింది. ఒంటి మీద నిన్నటి బట్టలే. కళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయి. అక్క ఆశగా లేవబోయింది. చిన్నది ఆమెను దాటుకుని వెళ్ళి అమ్మ ఎదురుగా నిలబడింది.

“పేపర్లో ఏముందమ్మా? ల్యాబు ఉంది. ఇన్‌ఛార్జి సార్ ఉన్నాడు. నేను పెట్టిన కంప్లయింటు ఉంది. కళ్ళజోడు ఉందా?”

“ఏం కళ్ళజోడు? నిన్న టీవీలో ఆ పిల్ల అన్నదా?”

“చూశావా? నీకే తెలీదు. పోలీసులకి తెలీదు. లాయరమ్మకి తెలీదు. నేను కాక లోకంలో ఒక్క మనిషికే తెలుసు.” వెనక్కి తిరక్కుండానే అడిగింది. “అమ్మకి నువ్వు చెప్తావా అక్కా, నేను చెప్పనా?”

అక్క మళ్ళీ నేల మీదకి వాలింది. చిన్నదే చెప్పింది.

“వాడు తలుపు తీశాక నేను పరుగెత్తలేదమ్మా. కాళ్ళు కదల్లేదు. వాడి కళ్ళజోడు నేల మీద పడుంది. వంగి తీశాను. నా చొక్కా అంచుతో తుడిచాను. ‘సార్, మీ కళ్ళజోడు’ అని చేతికిచ్చాను. అప్పుడు బయటికొచ్చాను, నడుచుకుంటూ. ఎందుకిచ్చావని అడక్కు. నాకే తెలీదు. సంతకాల కోసం, మార్కుల కోసం రెండేళ్ళు ‘సార్, సార్’ అంటూ వెనకాల తిరిగిన నోరు. అలవాటుగా అనేసింది.”

అమ్మ ఒళ్ళో చొక్కాలు జారి కింద పడ్డాయి. ఆవిడ తియ్యలేదు.

“నాకెందుకు చెప్పలేదే?”

“సిగ్గేసింది.”

“దానికి చెప్పడానికి సిగ్గెయ్యలేదా?”

 చిన్నది చలికాలంలో ఓ మధ్యాహ్నం, ఒకే దుప్పట్లో అక్క పక్కన పడుకుని, పైకప్పు చూస్తూ చెప్పింది. చెప్పేసి, ఎవరికీ చెప్పకక్కా అంది. నా ప్రాణం పోయినా నా నోట్లోంచి రాదే అంది అక్క. నిన్న సరిగ్గా అక్క నోట్లోంచే వచ్చింది. తెర మీద నిలబడ్డది ఎవరో నటి. గొంతు అక్కది. ఆ గొంతు ఇంటింటికీ వెళ్ళి, టీ తాగుతూ కూర్చున్న వాళ్ళందరికీ ఆ మాట చెప్పి వచ్చింది.

“కాగితంలో ఉంది చిన్నీ!” అక్క ఒక్కసారిగా ఏడుపందుకుంది. “నా చేతికి కాగితమిచ్చారు, చదివాను. నాకూ గుండాగినంత పనైంది. అప్పుడు నేనేం చెయ్యను చెప్పు, చదవనంటే ఎందుకంటారు కదా? లోకంలో కళ్ళజోడు వాడొక్కడికే ఉందా? ఆ రాసేవాడికెవడికో తట్టింది.”

“నువ్వు ఎవరికీ చెప్పలేదు?”

“ఎవ్వరికీ చెప్పలేదు. అమ్మ మీద ఒట్టు.”

“నా మీద ఎందుకే ఒట్లు?” అంది అమ్మ విసుగ్గా. “ఉన్న రోగాలు చాలు నాకు.”

ఇంకో రోజైతే ముగ్గురూ నవ్వేవాళ్ళు.

అసలు చిన్నది అంతలా అదిరిపడడానికి కారణం గురువారం వాయిదా. కాలేజీ వరండాలో ఉన్న కెమెరా ఆ రోజు ఒక్కటే చూసింది. ల్యాబు తలుపు తెరుచుకుంది. చాలాసేపటికి గానీ చిన్నది బయటికి రాలేదు. వచ్చినా తలొంచుకుని మామూలుగా నడుచుకుంటూ వచ్చింది. అవతలి లాయరుకి చేతిలో ఉన్న కర్ర అదొక్కటే. ‘నిజంగా అంత ఘోరం జరిగితే, తెరిచిన తలుపు ముందు నిలబడి ఏం చేస్తున్నావమ్మా?’ అని ఎన్నిసార్లు అడిగినా చిన్నది ‘గుర్తు లేదు’ అంటూ వచ్చింది. ఈసారి సిగ్గు చంపుకుని నిజం చెప్పెయ్యాలని నిర్ణయించుకుంది. మంగళవారం లాయరమ్మతో మాట్లాడి, గురువారం జడ్జిగారి ముందు చెప్పాలనుకుంది. దాచుకున్న నిజం అదొక్కటే ఉంది ఆమె దగ్గర. శనివారం దాన్ని కాస్తా టీవీవాళ్ళు వాడేసుకున్నారు.

* * *

సోమవారం పొద్దున చిన్నది మందుల షాపుకి వెళ్ళింది. ఎమ్మెస్సీ పూర్తి చెయ్యకుండా వదిలేసినప్పటి నుంచి ఆ కౌంటరు వెనకే ఉంటోంది. జ్వరం బిళ్ళలు కొనుక్కునే వాళ్ళు ఎదుటి మనిషి గతం అడగరు. ఆ ఉద్యోగంలో ఆమెకి నచ్చింది అదే.

షాపు యజమానికి కళ్ళజోడు నెత్తి మీదకి తోసుకుని, దాన్నే షాపంతా వెతుక్కునే అలవాటుంది. ఆయన సొరుగులు లాగుతుంటే దగ్గుమందు కోసం వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“సార్, మీ కళ్ళజోడు!” అన్నాడు ఒకడు, ఆడగొంతు పెట్టి, సన్నగా, వణికిస్తూ.

రెండోవాడు కౌంటరు మీద పడి నవ్వాడు. యజమాని కూడా నవ్వేశాడు. నెత్తి మీద తడుముకుని కళ్ళజోడు దించుకుంటూ, “మీరూ చూశారేంటయ్యా? అబ్బ, ఏం మాట పెట్టాడండీ! మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది” అన్నాడు. చిన్నదాని వైపు తిరిగి అడిగాడు. “నువ్వు చూశావా అమ్మాయ్?”

“చూశాను సార్.”

ఆ ‘సార్’ దానంతటదే వచ్చింది. దగ్గుమందు సీసా కాగితంలో చుట్టి కుర్రాళ్ళకిచ్చింది. చిల్లర కూడా ఇచ్చింది. వాళ్ళు వీధిలోకి వెళ్ళాక కూడా ఆ సన్నటి గొంతు రెండుసార్లు వినిపించింది. ఒంట్లో బాలేదని చెప్పి చిన్నది షాపులోంచి బయటపడి, ఇంటికి వెళ్ళే బస్సు వదిలేసి, స్టూడియోకి వెళ్ళే బస్సెక్కింది.

ఆ రాసినవాణ్ణి ఎదురుగా నిలబెట్టి ఒక్క మాట అడగాలి. నీకెవరు చెప్పారు? అక్క చెప్పిందా, చెప్పలేదా? చెప్పలేదంటే ఇంటికెళ్ళి అక్క కాళ్ళ మీద పడి క్షమించమని అడగడానికి కూడా సిద్ధపడే వెళ్ళింది, పిచ్చిపిల్ల.

స్టూడియో మూడో అంతస్తులో ఉంది. గదుల బయట చెప్పుల వరస. మెట్ల మలుపులో కిటికీ దగ్గర బట్టతల పెద్దమనిషి ఒకాయన టీ గ్లాసు పట్టుకుని లోకం మీద అలిగినట్టు నిలబడి ఉన్నాడు. శనివారం సీరియల్ రాసేది ఆయనే అన్నారు.

“నేను ఇక్కడ డబ్బింగు చెప్పే ఆవిడ చెల్లెల్నండీ. మొన్న కథలో ఆ కళ్ళజోడు మాట మీకెలా తట్టిందా అని...”

“నువ్వూ అదేనా అమ్మా!” ఆయన మొహం మాడిపోయింది. “మొన్నటి నుంచి ఫోను ఆగితే ఒట్టు. జుట్టున్నప్పటి నుంచి రాస్తున్నాను నేను. ఒక్క వెధవా బాగుందనలేదు. ఇప్పుడంటున్నారు, తీరా చూస్తే ఆ మాట నాది కాదు! కాదని చెప్పలేను, అవునని మింగలేను.”

“మీది కాదా?”

“నా కాగితంలో ఆ పిల్ల నోరెత్తకుండా వెళ్ళిపోతుంది. కేసు పేపర్లోంచే తీశాం, దాపరికమేముంది? కంపెనీ లాయరొకడు ఉంటాడు. నేను రాసిన ప్రతి ముక్కా అసలు కేసు పక్కన పెట్టి చూస్తాడు. ఊరు మార్చు, చదువు మార్చు, గది మార్చు అంటాడు. మారుస్తాను. ఆయన సరేనంటేనే షూటింగు. డబ్బింగులో పడ్డ మాట మాత్రం ఆయన దాకా పోదు. పోయినా ఏం పట్టుకుంటాడులే, ఆ కేసులో కళ్ళజోడెక్కడుంది?” టీ గుటక వేసి లోపలికి చెయ్యి చూపించాడు. “ఆ ఘనత ఎవరిదో సౌండాయన్ని అడుగు.”

సౌండాయన చిన్నదాన్ని చూసి సంబరపడిపోయాడు. “అక్కయ్య చెల్లెలివా! రా తల్లీ, కూర్చో. మీ అక్కయ్య మామూలు మనిషి కాదు. ఆ ముక్క చెప్పినప్పుడు ఇక్కడ మాకందరికీ ఒళ్ళు జలదరించింది. వింటావా?”

చిన్నది ఏమనేలోపే ఆయన మీట నొక్కాడు.

ముందు డైరెక్టరు గొంతు. “అమ్మాయి వీపు మనవైపుంది, పెదాలు కనబడవు. ఇక్కడ మరీ ఖాళీగా ఉంది. ఏదైనా ఒక ముక్క వెయ్యమ్మా.”

“ఏం వెయ్యను సార్?” అక్క గొంతు.

“నీ ఇష్టం. వాడి కళ్ళజోడు టేబుల్ మీదుంది, ఆ పిల్ల అటే చూస్తోంది. ఏదో ఒకటి.”

 అక్క ఊపిరి వినిపించింది. ఆ తర్వాత ఆ మాట వచ్చింది. చలికాలం మధ్యాహ్నం చిన్నది ఎలా చెప్పిందో అలాగే, అదే ఆగడం, అదే తగ్గడం. గదిలో ఎవరో ‘అబ్బా’ అన్నారు. చప్పట్లు.

“ఎక్కణ్ణించి తెచ్చావమ్మా ఇది?” అన్నాడు డైరెక్టరు.

అక్క నవ్వింది. పొగిడితే చిన్నపిల్లలు నవ్వే నవ్వు.

“ఏమో సార్. అలా వచ్చేసింది.”

“చూశావా?” అన్నాడు సౌండాయన మెరిసే కళ్ళతో. “వచ్చే నెల కొత్త సీరియల్‌లో మెయిన్ గొంతు మీ అక్కయ్యదే. నోరు తీపి చెయ్యాలి మరి!”

తన మాట అక్క గొంతులో విన్నప్పుడు కూడా చిన్నది ఓర్చుకుంది. అక్క నవ్వే ఓర్చుకోలేకపోయింది. బయటికొచ్చి ఎవరివో చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది. కింద వీధిలో కాలికి పెద్దవవుతుంటే గానీ తెలియలేదు.

* * *

“నీ కాగితంలో లేదక్కా.”

అక్క బట్టలు మడతపెడుతోంది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. అమ్మ మిషను ఆపి వచ్చి గది గుమ్మంలో నిలబడింది.

“స్టూడియోకి వెళ్ళాను. విన్నాను. డైరెక్టరు ఏదో ఒకటి వెయ్యమన్నాడు. లోకంలో ఇన్ని మాటలుంటే, నీకు నాదే దొరికిందా?”

“చిన్నీ...”

“ఎవరికీ చెప్పలేదన్నావు. అమ్మ మీద ఒట్టేశావు!”

“ఎవరికీ చెప్పలేదే! మనుషులకెవరికీ చెప్పలేదు.” అక్క మంచం మీద కూలబడింది. “ఆ పిల్ల వీపు తిప్పి నిలబడుంది. నాకు నువ్వే కనిపించావు. నీ మీద ఒట్టు, నాకు ఆ స్టూడియో కనబడలేదు, మైకు కనబడలేదు. నోరు దానంతటదే అనేసింది.”

“నవ్వు కూడా దానంతటదే వచ్చిందా?”

అక్క తల దించుకుంది. ఇక దాచి లాభం లేదనుకుందో ఏమో, మాట తెగించి వచ్చింది.

“పదేళ్ళే! పదేళ్ళ నుంచి ఆ చీకటిగదిలో నిలబడి ఎవరెవరి ఏడుపో ఏడుస్తున్నాను. ఏడ్చి బయటికొస్తే నా పేరు కూడా ఎవరికీ తెలీదు. ఆ ఒక్క రోజు అందరూ నా వైపు తిరిగి చూశారు. నాకు సంతోషమేసింది. వేసింది, అబద్ధమెందుకు? ఇంటికొచ్చాక భయమేసింది. ఎడిటింగులో తీసెయ్యాలని రోజూ దేవుడికి మొక్కుకున్నాను.”

“తీసెయ్యమని డైరెక్టర్నే అడగొచ్చుగా. నీది నోరేగా!”

అక్క మడతపెట్టిన బట్టని విప్పి మళ్ళీ మడతపెట్టింది.

“నా ఏడుపు అమ్ముకుని చప్పట్లు కొట్టించుకున్నావక్కా. వాడు పాడుచేశాడంటే వాడు పరాయివాడు. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోను? ఇవాళ షాపులో కుర్రాళ్ళు ఆడగొంతు పెట్టి నా మాట అని నవ్వారు. వాళ్ళకి నేర్పింది నువ్వు.”

 పక్కింట్లో ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. అమ్మ గుమ్మంలోంచి కదల్లేదు. చివరికి ఆవిడే అంది.

“తిట్టుకోవడాలు అయ్యాయా? రేపు లాయరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్తున్నాం. పెద్దదానా, నువ్వు చేసిన పని నీ నోటితోనే చెప్పు.”

“చెప్తానమ్మా,” అంది అక్క. “తప్పు నాది. నేనే చెప్తాను.”

ఆ పూట అక్క తిండికి లేవకపోతే, చిన్నదే కంచంలో అన్నం పెట్టుకెళ్ళి ఆమె పక్కన పెట్టింది. కోపం పోయిందని కాదు. ‘చెప్తాను’ అన్న మాట మీద ఆశ పుట్టింది. తోడబుట్టిన వాళ్ళతో వచ్చిన చిక్కే అది, కొట్టిన చేతినే పట్టుకోవాలనిపిస్తుంది.

* * *

లాయరమ్మ ఆఫీసు సైకిళ్ళు బాగుచేసే షాపు పైన ఉంది. ఆవిడ చిన్నది చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా విని, కుర్చీలో వెనక్కి వాలింది.

“శనివారం సీరియల్ నేనూ చూశాను. మా పిల్లలు పెట్టారు.” కాసేపాగి అంది. “అమ్మాయ్, ఈ ముక్క నాకు పోయిన వారం చెప్పి ఉంటే ఎగిరి గంతేసేదాన్ని. కట్టుకథ చెప్పేవాళ్ళు అరిచామంటారు, కొరికామంటారు, పరుగెత్తామంటారు. కళ్ళజోడు తుడిచిచ్చామని ఎవరూ కల్పించుకోరు. జడ్జిగారు ఆ ఒక్క మాటకి తలెత్తి నీ వైపు చూసేవారు.”

“ఇప్పుడు చెప్పకూడదా మేడం?”

“చెప్తే అవతలాయన లేచి, ‘టీవీ చూసి నేర్చుకుందయ్యా’ అంటాడు. గొంతిచ్చింది సొంత అక్క అని తెలిసిందా, ఇక చూసుకో. అక్కాచెల్లెళ్ళు కూర్చుని కథ అల్లారంటాడు. చెప్పకపోతే ఆ తలుపు దగ్గర ఏం చేస్తున్నావన్న దానికి జవాబు లేదు. కేసు అక్కడే కూలబడుతుంది.” లాయరమ్మ అక్క వైపు తిరిగింది. “ఒక్కటే దారి. నువ్వు బోనెక్కాలి. సీరియల్ కంటే ముందే చెల్లెలు నీకీ మాట చెప్పిందని, దాన్నే నువ్వు డబ్బింగులో వాడావని చెప్పాలి. అప్పుడు చెల్లెలి మాట టీవీ ఎత్తుకున్నట్టవుతుంది. చెల్లెలి సాక్ష్యం నిలబడుతుంది. చెప్పగలవా?”

చిన్నది అక్క వైపు చూసింది. అక్క పైట కొంగు వేలికి చుట్టుకుంటోంది.

“చెప్తే నాకేమవుతుంది మేడం?”

“నీ దగ్గర దాచను. కాగితంలో లేని మాట, మాకేం సంబంధమని కంపెనీ చేతులు దులుపుకుంటుంది. కోర్టులో ఉన్న కేసు సంగతి బయటపెట్టావని నీ మీద కేసు పెట్టినా పెట్టొచ్చు. ఆ స్టూడియోలో కాదు కదా, ఇంకెక్కడా నిన్ను మైకు ముందుకి రానివ్వకపోవచ్చు.”

“కేసంటే?” అమ్మ కుర్చీలో ముందుకి జరిగింది. “దీన్ని కూడా కోర్టుకీడుస్తారా?”

“ఈడ్వొచ్చమ్మా. ఈడుస్తారనే కాదు, ఈడ్వొచ్చు.”

కింద షాపులో ఎవరో సైకిలు చక్రం సుత్తితో కొడుతున్నారు. ఆ దెబ్బలు ఆగేదాకా అక్క ఆగింది.

“తను నాకు చెప్పలేదు మేడం.”

“ఏంటీ?” అంది లాయరమ్మ.

“కళ్ళజోడు సంగతి. తను నాకెప్పుడూ చెప్పలేదు. టేబుల్ మీద కళ్ళజోడుంది, చూడగానే నాకే తట్టింది. స్టూడియోలో ఎవరినడిగినా చెప్తారు.” అక్క గొంతులో వణుకు లేదు. “సీరియల్ చూసిన దగ్గర్నుంచి ఇది ఇలాగే ఉంది. తిండి లేదు, నిద్ర లేదు. ఏది జరిగిందో ఏది చూసిందో, అన్నీ కలిసిపోయినట్టున్నాయి దానికి, పాపం.”

ఆ ‘పాపం’ చిన్నదానికి చెంప మీద కొట్టినట్టు తగిలింది.

“అక్కా! ఏం మాట్లాడుతున్నావు? నా మొహం చూసి చెప్పు!”

అక్క చూసింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి. అయినా చెప్పింది. “నువ్వు నాకు చెప్పలేదు చిన్నీ.”

“అమ్మా!” చిన్నది అమ్మ చెయ్యి పట్టుకుని ఊపేసింది. “నిన్న నీ ముందే ఒప్పుకుందిగా! నువ్వు గుమ్మంలోనే ఉన్నావుగా! నువ్వైనా చెప్పమ్మా!”

అమ్మ పెద్దదాన్ని చూసింది. చిన్నదాన్ని చూసింది. చిన్నదాని చేతిలోంచి తన చెయ్యి మెల్లగా లాక్కుంది.

“నేను వంటింట్లో ఉన్నానండీ,” అంది లాయరమ్మతో. “వీళ్ళిద్దరూ ఏమనుకున్నారో నాకు సరిగ్గా వినబడలేదు.”

ఆవిడ వంటింట్లో లేదు. ప్రతి ముక్కా వింది. ఒకతి ఎలాగూ నిప్పుల్లో నిలబడి ఉంది, రెండోదాన్ని కూడా తోయలేనని ఆ తల్లి మనసు అనుకుంది. అలా అనుకోవడంలో చిన్నదాన్ని ఇంకో అడుగు లోపలికి తోశానని ఆవిడకి తట్టిందో లేదో. చిన్నదానికి మాత్రం బాగా తెలిసింది. ఇంట్లో నుంచి ముగ్గురం వచ్చామనుకుంది. వచ్చింది తనొక్కతే.

లాయరమ్మ ముగ్గురి మొహాలూ ఒకటొకటిగా చూసింది.

“మీరిద్దరూ కాస్త బయట కూర్చోండి.”

వాళ్ళు లేచారు. అక్క తలుపు దాకా వెళ్ళి ఒక్క క్షణం ఆగింది. తిరిగి చూస్తుందనుకుంది చిన్నది. చూడలేదు. లాయరమ్మ తలుపు వేసి, తన కుర్చీలోకి వెళ్ళకుండా చిన్నదాని పక్కన కూర్చుంది. గ్లాసులో నీళ్ళు పోసి ముందు పెట్టింది. గొంతు బాగా తగ్గించింది.

“ఇప్పుడు మనిద్దరమే ఉన్నాం. నేను నీ మనిషిని. నువ్వేం చెప్పినా నిన్ను వదిలెయ్యను. కానీ గురువారం నీ తరఫున నేను నోరు విప్పాలంటే నాకొకటి తెలియాలి.” ఆగి, చిన్నదాని కళ్ళలోకి చూసింది. “ఆ రోజు ఆ మాట నువ్వు నిజంగా అన్నావా తల్లీ? లేక శనివారం విన్నాక అన్నట్టు అనిపిస్తోందా?”

‘అన్నాను’ అని చెప్పడానికి చిన్నది నోరు తెరిచింది. ఒక్కసారి ఆ సాయంత్రంలోకి వెళ్ళింది. తెరిచిన తలుపు ఉంది. నేల ఉంది. వంగిన నడుము ఉంది, చొక్కా అంచున కళ్ళజోడు అద్దం ఉంది. తన మాట కోసం చెవులు రిక్కించింది.

మాట వినిపించింది. అక్క గొంతులో.